శాలువా కప్పితే కడుపు నిండుతుందా?

పదవ తరగతి విద్యార్థిని, బరంపురం



ఈ వ్యాసం ఒక ఫుట్‌బాల్ క్రీడాకారిణి గురించి. అయితే ఇది జీవిత చరిత్ర కాదు. మన పత్రికలో ప్రతి ఏడాదీ ఎవరో ఒక మహనీయుల జీవిత చరిత్ర వస్తూనే ఉంటుంది. ఫలానా ఊళ్లో పుట్టారు, కష్టపడి చదివారు, బిరుదులు పొందారు, చివర్లో "మనమందరం వారి అడుగుజాడల్లో నడుద్దాం" అని ముగుస్తుంది. నేను అలా రాయదలచుకోలేదు. ఎందుకంటే నేను చెప్పబోయే ఆవిడ అడుగుజాడల్లో నడుద్దామంటే మనలాంటి ఆడపిల్లలకు అక్కడ దారి లేదు. ఆవిడ ముళ్లకంపల్లోంచి నడుచుకుంటూ వెళ్లిపోయింది. మనమేమో దూరంగా నిలబడి చప్పట్లు కొడుతున్నాం. ఆ చప్పట్ల మీదే నా తగువు.

ఆవిడ పేరు న్గాంగోమ్ బాలాదేవి. 1990 ఫిబ్రవరి 2న మణిపూర్ రాష్ట్రం బిష్ణుపూర్ జిల్లా ఇరెంగ్‌బామ్ అనే ఊళ్లో పుట్టింది. చిన్నప్పుడు మగపిల్లలతో కలిసి ఆడి ఆట నేర్చుకుంది. 2005లో, అంటే పదిహేనేళ్ల వయసులోనే భారత జట్టుకు ఆడటం మొదలుపెట్టింది. నాకిప్పుడు సరిగ్గా పదిహేనేళ్లు. ఈ వయసులో నాకు సైకిలు మీద ఒంటరిగా ట్యూషన్‌కు వెళ్లడానికే ఇంట్లో వెయ్యి ప్రశ్నలు. ఆవిడేమో దేశం కోసం ఆడింది. తర్వాత భారత జట్టుకు కెప్టెన్ అయింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే ఉత్తమ క్రీడాకారిణి అవార్డు 2014లోనూ, 2015లోనూ ఆవిడకే వచ్చింది.

ఇక అసలు సంగతికి వస్తాను. 2020 జనవరిలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరానికి చెందిన రేంజర్స్ క్లబ్బు బాలాదేవితో పద్దెనిమిది నెలల కాంట్రాక్టు కుదుర్చుకుంది. 1872లో పుట్టిన క్లబ్బు అది. పదో నంబరు చొక్కా ఇచ్చారు. ఐరోపాలో పెద్ద క్లబ్బుతో ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద సంతకం చేసిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. అప్పటికి ఆవిడకు ముప్ఫై ఏళ్లు నిండడానికి ఇంకా కొద్ది రోజులే ఉంది. అదే ఏడాది డిసెంబరులో మదర్‌వెల్ జట్టు మీద రేంజర్స్ 9-0తో గెలిచిన మ్యాచ్‌లో బదులు ఆటగత్తెగా దిగి గోల్ కొట్టింది. పేపర్లన్నీ "చరిత్ర సృష్టించిన బాలాదేవి" అని రాశాయి. చదివి అందరం సంతోషించాం.

ఎవరూ ఒక చిన్న లెక్క వేయలేదు. నేను వేస్తాను. పుట్టిన దగ్గర్నుంచి దేశం తరఫున ఆడేదాకా ఆవిడకు పట్టింది పదిహేనేళ్లు. దేశం తరఫున ఆడటం మొదలుపెట్టిన దగ్గర్నుంచి, ఆ ఆటే ఉద్యోగంగా జీతమిచ్చే ఒక పెద్ద క్లబ్బు దొరికేదాకా పట్టింది ఇంకో పదిహేనేళ్లు. అదీ మన దేశంలో దొరకలేదు. సముద్రాలు దాటి వెళ్తే దొరికింది. ఫుట్‌బాల్‌లో ముప్ఫై ఏళ్లంటే చాలామంది "ఇంకెన్నాళ్లు ఆడతావు?" అని అడిగే వయసు. మన దగ్గర అత్యుత్తమ క్రీడాకారిణి అని రెండుసార్లు అవార్డు అందుకున్న మనిషికి ఆ వయసులో మొదలైంది ఆ ఉద్యోగం. దీన్ని "స్ఫూర్తిదాయకం" అని ఎలా అంటాం? నాకైతే సిగ్గుగా అనిపించింది.

మరి ఆ మధ్యలో పదిహేనేళ్లు ఆవిడ ఎలా బతికింది? 2010లో మణిపూర్ పోలీసులో ఉద్యోగం వచ్చింది. ఆ జీతమే ఆధారం. మణిపూర్ పోలీసు వారికి దండం పెట్టాలి, ఆ ఉద్యోగం లేకపోతే ఆట ఎప్పుడో ఆగిపోయేదేమో. ఆవిడ కంటే ముందు తరంలో ఒయినాం బెంబెం దేవి అని ఇంకో గొప్ప క్రీడాకారిణి ఉంది. 1995 నుంచి ఇరవై ఏళ్లకు పైగా భారత జట్టుకు ఆడింది, అర్జున అవార్డూ పద్మశ్రీ కూడా వచ్చాయి. ఆవిడా మణిపూర్ పోలీసే. తమిళనాడు కడలూరుకు చెందిన ఇందుమతి కదిరేశన్ కూడా పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరే. కరోనా లాక్‌డౌన్ రోజుల్లో ఈ భారత జట్టు మిడ్‌ఫీల్డర్ చెన్నైలో రోడ్డు మీద డ్యూటీ చేసింది. అంటే మన దేశంలో ఫుట్‌బాల్ బాగా ఆడే ఆడపిల్లకు ఇచ్చే బహుమతి ఏమిటంటే, ఫుట్‌బాల్ కాని ఇంకో ఉద్యోగం!

మా ఇంటికి వచ్చే చుట్టాలకు ఈ సంగతి చెబితే, "మరి మంచిదే కదా, స్పోర్ట్స్ కోటాలో గవర్నమెంటు ఉద్యోగం వస్తుందంటే ఆడుకోమను" అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆట అంటే సర్టిఫికెట్టు తెచ్చుకునే కౌంటరా? ఒక పిల్ల లెక్కల్లో ఫస్టు వస్తే "లెక్కలు మానేసి వేరే పని చూసుకో, లెక్కల కోటాలో ఉద్యోగం ఇస్తాం" అని ఎవరైనా అంటారా? వైద్యం చదివినవాళ్లు వైద్యం చేస్తారు. పాట నేర్చినవాళ్లు పాట పాడి సంపాదిస్తే "మంచి గొంతు" అంటాం. ఆడపిల్ల బంతి ఆడి సంపాదిస్తానంటే మాత్రం ముందు ఏదో ఒక కుర్చీ చూపించమంటాం.

"ఆట కూడు పెడుతుందా?" అనేది రెండో ప్రశ్న. ఈ మాట మన బడి పెద్దలు అంటే నాకు మరీ ఆశ్చర్యం. ఎందుకంటే ఒడిశాలో తెలుగు మీడియంలో చదువుతున్న మనల్ని ఊరంతా అడిగే ప్రశ్న ఇదే! "ఇక్కడ తెలుగు చదివితే ఏం వస్తుంది? ఒడియాలో చేర్చండి, లేకపోతే ఇంగ్లీషులో చేర్చండి, తెలుగు కూడు పెడుతుందా?" అని మీరు ఎన్నిసార్లు విన్నారో నాకు తెలుసు, మా నాన్న విన్నది నాకు తెలుసు. అయినా మీరు ఈ బడి మూయనివ్వలేదు. టీచర్లు లేని ఏడాది మీరే వంతులు వేసుకుని చెప్పారు. కూడు పెట్టకపోతే కూడు పెట్టేలా చేయాలని అన్నారు గానీ భాష వదిలేయమనలేదు కదా. అదే మాట ఆట విషయంలో ఎందుకు రాదు?

నిజం చెప్పాలంటే ఆట కూడు పెట్టదు అనేది ప్రకృతి ధర్మం ఏమీ కాదు. పెట్టకుండా చేశారు. దేశం మొత్తానికి ఒక మహిళల క్లబ్బు లీగ్ అంటూ మొదలైంది 2016-17 సీజన్లో. అప్పటికి బాలాదేవి భారత జట్టుకు ఆడటం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. ఆ మొదటి లీగ్ ఆఖరి దశ ఢిల్లీలో ఆరు జట్లతో జరిగి మూడు వారాల లోపే ముగిసిపోయింది. మన బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్ర కూడా అంతకంటే ఎక్కువ రోజులు జరుగుతుంది! మూడు వారాలు పని, మిగిలిన నలభై తొమ్మిది వారాలు ఖాళీ, దానికి "లీగ్" అని పేరు. దానికి ముందు పరిస్థితి ఇంకా ఘోరం. పద్దెనిమిది నెలలకు పైగా ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడించలేదని 2009లో ఫిఫా వాళ్లు ర్యాంకుల పట్టికలోంచి భారత మహిళల జట్టు పేరే తీసేశారు. అప్పుడు బాలాదేవికి పంతొమ్మిదేళ్లు. కాళ్లలో బలం ఉన్న వయసు. ఆ వయసు మళ్లీ తిరిగి వస్తుందా? ఆ నెలలకు ఎవరు పరిహారం ఇస్తారు?

అదీ చాలదన్నట్టు ఇంకొకటి. 2022 ఆగస్టులో మన ఫుట్‌బాల్ సమాఖ్య పాలనలో గొడవల వల్ల ఫిఫా దానిని సస్పెండ్ చేసింది. ఆ సమయానికి గోకులం కేరళ మహిళల జట్టు ఆసియా క్లబ్బుల పోటీ కోసం ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంట్ చేరుకుంది. అక్కడిదాకా వెళ్లిన అమ్మాయిలు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగి వచ్చారు. సస్పెన్షన్ పదకొండు రోజుల్లో ఎత్తేశారు, కానీ ఆ పోటీ వాళ్లకు పోయింది. కుర్చీల కోసం కొట్టుకున్నది పెద్దమనుషులు, పెట్టె సర్దుకున్నది ఆడపిల్లలు.

మూడో మాట: "ఆడవాళ్ల ఫుట్‌బాల్ ఎవరు చూస్తారు? చూడకపోతే డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది?" మా క్లాసు మగపిల్లలు ఇదేదో పెద్ద అర్థశాస్త్రంలా చెబుతుంటారు. వాళ్లకోసం ఇంగ్లాండులో జరిగింది చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ప్రెస్టన్ అనే ఊళ్లో డిక్ కెర్ కంపెనీ ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టారు. గాయపడిన సైనికుల కోసం చందాలు పోగుచేయడానికి మ్యాచులు ఆడేవారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్ స్టేడియంలో వాళ్ల మ్యాచ్ చూడటానికి 53,000 మంది వచ్చారు. లోపల చోటు లేక వేలమంది బయటే ఉండిపోయారు. మరుసటి ఏడాది, 1921 డిసెంబరు 5న, ఇంగ్లాండు ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవాళ్లకు తగదని చెప్పి తన క్లబ్బుల మైదానాలు వాళ్లకు ఇవ్వకుండా నిషేధం పెట్టింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు నడిచింది.

చూశారా? జనం రాలేదని మూయలేదు. జనం వచ్చాకే మూశారు. యాభై ఏళ్లు మూసి, తెరిచిన తర్వాత "ఎవరూ రారు" అని వాళ్లే అన్నారు. తాళం వేసినవాడే ఇల్లు ఖాళీగా ఉందని ఎగతాళి చేసినట్టు. సరిగ్గా చూపిస్తే జనం వస్తారనడానికి కొత్త సాక్ష్యం కూడా ఉంది. 2022 మార్చి 30న బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ మహిళా జట్ల మ్యాచ్‌కు క్యాంప్ నౌ స్టేడియంలో 91,553 మంది వచ్చారు. మన దేశంలో ఎన్ని మహిళల మ్యాచులు పనిరోజు మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి, టీవీలో చూపించకుండా, ఊళ్లో ఒక పోస్టరు కూడా అంటించకుండా జరుపుతారో మా మగపిల్లలు ఒకసారి ఆలోచించాలి. సినిమాని అలా విడుదల చేస్తే ఎంత పెద్ద హీరో అయినా హాలు నిండుతుందా?

2022 అక్టోబరులో మన భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే అండర్-17 మహిళల ప్రపంచ కప్పు మ్యాచులు జరిగాయి. భారత జట్టు అమెరికా మీద 8-0, మొరాకో మీద 3-0, బ్రెజిల్ మీద 5-0 తేడాతో ఓడిపోయింది. మా వీధిలో అందరూ నవ్వారు. "పదహారు గోల్స్ తిన్నారు, ఒక్కటీ పెట్టలేదు" అని. నవ్వే ముందు ఇది వినండి. ఆ జట్టు కెప్టెన్ అష్టమ్ ఒరావ్ జార్ఖండ్ గుమ్లా జిల్లా పిల్ల. ఆమె కెప్టెన్ అయిందని ఆ ఊరికి కొత్తగా రోడ్డు వేస్తుంటే, ఆ రోడ్డు పనిలో ఆమె అమ్మానాన్నలే రోజు కూలీకి పనిచేశారని పేపర్లలో వచ్చింది. కూతురు అమెరికా మీద ఆడుతోంది, తల్లిదండ్రులు కూతురి పేరు మీద వేస్తున్న రోడ్డుకు రాళ్లు మోస్తున్నారు. అమెరికా పిల్లలు చిన్నప్పటి నుంచీ బడిలో లీగులు, క్లబ్బులో లీగులు ఆడి వస్తారు. మన పిల్లలు కొన్ని నెలల క్యాంపుకు వచ్చి వాళ్ల మీద నిలబడ్డారు. ఆ ఎనిమిది గోల్స్ ఆ పదహారేళ్ల పిల్లల మీద పడలేదు. మన మీద పడ్డాయి.

ఇప్పుడు మా అమ్మ గురించి రెండు మాటలు. మా అమ్మ అప్పడాలు వత్తుతుంది. బరంపురం అప్పడాలు అంటే ఎక్కడెక్కడికో వెళ్తాయి, మీకు తెలియనిది కాదు. కిలో లెక్కన కూలి. వారం చివర లెక్క చూసి డబ్బు ఇస్తారు, ఒక్కోసారి తక్కువ ఇస్తే అమ్మ ఊరుకోదు, అడుగుతుంది. ఎవరైనా వచ్చి "అమ్మా, మీరు అప్పడాలు ఎంత గుండ్రంగా వత్తుతారు, మీరు మహిళలకు ఆదర్శం" అని శాలువా కప్పి, కూలి ఇవ్వకుండా వెళ్లిపోతే మా అమ్మ ఏమంటుందో ఇక్కడ అచ్చు వేయడానికి సంపాదకులు ఒప్పుకోరు. పనికి మర్యాద ముందు కూలితో మొదలవుతుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, మా వంటింటి ముందు ఎండలో ఆరే అప్పడాలు చెప్పాయి. మన దేశం మహిళా క్రీడాకారిణులకు శాలువాలు చాలా కప్పింది. కూలి దగ్గరే చెయ్యి రాదు.

కొంచెం మార్పు వచ్చిందని ఒప్పుకుంటాను, ఒప్పుకోకపోతే అబద్ధమవుతుంది. 2023లో ఫుట్‌బాల్ సమాఖ్య ఒక నియమం పెట్టింది. ఇండియన్ ఉమెన్స్ లీగ్‌లో ఆడే ఒక్కో క్లబ్బు కనీసం పది మంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి తక్కువలో తక్కువ 3 లక్షల 20 వేల రూపాయల కాంట్రాక్టు ఇవ్వాలి. 2023-24లో లీగ్ ఒకేచోట కాకుండా సొంత ఊళ్లోనూ, ఎదుటివాళ్ల ఊళ్లోనూ ఆడే పద్ధతికి మారింది. మంచిదే. కానీ లెక్క పూర్తిగా చూడండి. 3 లక్షల 20 వేలను పన్నెండుతో భాగిస్తే నెలకు 26,666 రూపాయలు. ఎనిమిది క్లబ్బులనుకుంటే, క్లబ్బుకు పది మంది చొప్పున, ఎనభై మంది. నూట నలభై కోట్ల దేశంలో, ఈ నియమం కింద జీతం గ్యారంటీ ఉన్న ఫుట్‌బాల్ ఆడపిల్లలు ఎనభై మంది! మన బడిలో ఒక్క తొమ్మిది, పది తరగతుల అమ్మాయిలను లెక్కపెట్టినా ఎనభైకి దగ్గరగా వస్తారు. ఇంత చిన్న తలుపు పెట్టి, "ఆడపిల్లలు లోపలికి రావడం లేదు, ఆసక్తి లేదు" అంటారు.

ఆసక్తి లేదా? మన ఒడిశానే చూడండి. కటక్‌కు చెందిన రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్బు మొదటి లీగ్‌లో రెండో స్థానం, 2017-18లో ఏకంగా కప్పు గెలిచింది. 2023-24లో ఒడిశా ఎఫ్‌సీ గెలిచింది. కేంద్రపడా జిల్లా నుంచి వచ్చిన సస్మితా మల్లిక్ 2016లో దేశంలో ఉత్తమ క్రీడాకారిణి. సుందర్‌గఢ్ జిల్లా ప్యారీ ఖాఖా 2025లో మంగోలియా మీద ఒకే మ్యాచ్‌లో ఐదు గోల్స్ కొట్టింది. ఇక మన తెలుగు నేల వైపు చూస్తే నిజామాబాద్ జిల్లాలో ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్లింది. 2024-25కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణి ఆవిడే. 2025 జూలైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల సొంత దేశంలో 2-1తో ఓడించి భారత మహిళలు 2026 ఆసియా కప్పుకు అర్హత సాధించారు. క్వాలిఫయింగ్ మ్యాచులు గెలిచి అక్కడికి చేరడం మన మహిళలకు ఇదే మొదటిసారి. మన ఇళ్లల్లో ఎంతమందికి ఈ పేర్లు తెలుసు? మా ఇంట్లో ఐపీఎల్ జట్ల పన్నెండో ఆటగాళ్ల పేర్లు కూడా తెలుసు.

మా నానమ్మకు వీటితో పనిలేదు. ఆవిడది శ్రీకాకుళం మాట. "ఆడగుంటకి బంతాట ఏటే? కాలిరిగితే నిన్నెవుడు సేసుకుంటాడే?" అంటుంది. నానమ్మ మీద నాకు కోపం లేదు, ఆవిడ కాలం అది. అయితే ఆవిడ ప్రశ్నకు బాలాదేవి దగ్గర జవాబు ఉంది కాబట్టి చెబుతాను. రేంజర్స్‌కు ఆడుతున్న రోజుల్లోనే ఆవిడ మోకాలి లిగమెంటు దెబ్బతింది. నెలల తరబడి ఆట లేదు. 2022లో మన దేశంలోనే జరిగిన ఆసియా కప్పు ఆడలేకపోయింది. ముప్ఫై దాటింది, మోకాలు పోయింది, ఇంక అయిపోయిందనుకున్నారు చాలామంది. 2023 ఆసియా క్రీడలకు మళ్లీ భారత జట్టులోకి వచ్చింది. 2024 అక్టోబరులో కాఠ్మాండూలో జరిగిన దక్షిణాసియా పోటీలో పాకిస్తాన్ మీద గోల్ కొట్టి, అంతర్జాతీయ మ్యాచుల్లో 50 గోల్స్ చేసిన మొదటి భారత మహిళ అయింది. అప్పటికి వయసు ముప్ఫై నాలుగు. అంచేత నానమ్మా, కాలు విరిగితే వైద్యం చేయించాలి. కాలు విరుగుతుందని కాలే కదపకూడదంటే మెట్లు కూడా ఎక్కకూడదు. మొన్న బాత్రూములో జారిపడింది నేను కాదు కదా!

మోకాలి సంగతి నవ్వులాట కాదు, అది కూడా ఉద్యోగానికి సంబంధించిందే. ఫ్యాక్టరీలో చెయ్యి తెగితే యజమాని వైద్యం చేయించాలని చట్టం ఉంది. ఆటలో మోకాలు తెగిన ఆడపిల్లకు కాంట్రాక్టు లేకపోతే ఆ ఖర్చు ఎవరిది? నాన్నది. అందుకే నాన్నలు భయపడతారు. వాళ్ల భయాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ భయానికి మందు కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టడం అనుకుంటున్నారు చూడండి, అక్కడే నేను విభేదిస్తున్నాను. కాంట్రాక్టు ఇవ్వండి, వైద్యం ఖర్చు అందులో రాయండి అని అడగాల్సిన నోళ్లు మా మీద మాత్రం పనిచేస్తున్నాయి.

పోయిన ఏడాది మా వార్షికోత్సవంలో ముఖ్య అతిథిగా వచ్చిన ఒక పెద్దాయన అమ్మాయిల వైపు చూసి, "మీరంతా దేశం గర్వించే క్రీడాకారిణులు కావాలి" అని చెప్పారు. మేం చప్పట్లు కొట్టాం. ఆయన నిలబడి మాట్లాడిన వేదిక వెనకాలే మా మైదానం ఉంది. ఆ మైదానంలో అమ్మాయిలు ఫుట్‌బాల్ ఆడిన రోజు ఆ ఏడాదిలో ఒక్కటీ లేదు. ఆటల పీరియడ్ వస్తే అబ్బాయిలకు బంతి ఇస్తారు, మాకు "నీడలో కూర్చుని చదువుకోండి, లేదా స్కిప్పింగ్ ఆడుకోండి" అంటారు. పరీక్షలు దగ్గరపడితే మా పీరియడ్ లెక్కలకు పోతుంది, అబ్బాయిలది మాత్రం "వాళ్లు కూర్చోలేరు, పోనీలే" అని వదిలేస్తారు. మైదానంలో ఒక సగం సైకిళ్లకు, ఇంకో సగం అబ్బాయిలకు. దేశం గర్వించే పని మేం ఎక్కడ మొదలుపెట్టాలి, మెట్ల మీదా?

"నిక్కరు వేసుకుని ఆడతారా?" అనే ప్రశ్న కూడా వచ్చింది, ఒక అమ్మగారి దగ్గర్నుంచి. ట్రాక్ ప్యాంటు వేసుకుని ఆడతాం అండీ. దానికి ఇంత పెద్ద చర్చ అక్కర్లేదు. ఎండకు నల్లబడతారు అన్న మాటకైతే నేను జవాబు కూడా రాయను.

బాలాదేవి పోలీసు డ్యూటీ చేసింది, దేశానికి ఆడింది, గ్లాస్గో చలిలో ఆడింది, మోకాలు తెగి మళ్లీ ఆడింది. అంతా ఆవిడే చేసింది. ఆవిడ చేయాల్సింది ఇంకేమీ మిగల్లేదు. మిగిలింది సమాఖ్య చేయాల్సింది, క్లబ్బులు చేయాల్సింది, టీవీలు చేయాల్సింది. వాటిని ఈ పత్రిక కదిలించలేదని నాకూ తెలుసు. కానీ ఈ పత్రిక చదివేవాళ్ల చేతిలో ఉన్నది ఒకటి ఉంది. అది మా మైదానం.

అందుకని తొమ్మిది, పది తరగతుల అమ్మాయిలం ఒక అర్జీ రాశాం. మంగళవారం, శుక్రవారం ఆఖరి పీరియడ్ మైదానం మాకు ఇవ్వాలి. ఆ రెండు రోజులూ సైకిళ్లు గేటు పక్కన గోడ వారగా పెట్టించాలి. బంతి మేమే చందా వేసుకుని కొనుక్కుంటాం, బడికి ఖర్చు లేదు. పరీక్షల నెలలో మా పీరియడ్ తీసుకుంటే అబ్బాయిలదీ తీసుకోవాలి, లేకపోతే ఇద్దరివీ వదిలేయాలి. పి.ఇ.టి. మాస్టారికి వీలు కాకపోతే అమ్మలు వంతుల వారీగా వచ్చి కూర్చుంటామన్నారు, మా అమ్మ శుక్రవారం వస్తానంది, అప్పడాలు ఆ రోజు పొద్దున్నే వత్తేస్తుందట. మొత్తం పద్నాలుగు మంది సంతకం పెట్టాం. ఇంకో ఐదుగురు ఇంట్లో అడిగి చెబుతామన్నారు. అర్జీ ప్రధానోపాధ్యాయుల వారి బల్ల మీద పెట్టి వచ్చాం. ఈ వ్యాసం సంపాదకులకు ఇచ్చే రోజుకు ఇంకా జవాబు రాలేదు. పత్రిక అచ్చయ్యేలోపు వస్తే, దయచేసి ఈ పేజీ కిందనే వేయండి.